అధికవారం

డెల్మర్ వసిలెంకో బస్సు దిగి, పెట్టె చక్రాలు రాళ్ళ మీద దడదడలాడిస్తూ 'లాస్ గవియోతాస్' అనే సముద్రపొడ్డు రిసార్టు గేటు దాటేసరికి సాయంత్రం నాలుగైంది. గదులిచ్చే వేళ. ఎండ ఇంకా తగ్గలేదు. తెల్లారుజామున కెనడాలో, మంచులో ఇల్లు వదిలినప్పుడు తొడుక్కున్న ఉన్ని చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇదివరకైతే విమానం దిగకముందే భార్య వెర్నా పలచటి చొక్కా తీసి చేతిలో పెట్టేది.

బల్ల వెనక నుంచి మారిక్రూస్ తల ఎత్తింది. ఆ చిన్న రిసార్టుకి మేనేజరూ ఆమే, గుమాస్తా ఆమే.

"సెన్యోర్ వసిలెంకో? మీరేంటి, ఇప్పుడొచ్చారు?"

"మరెప్పుడు రమ్మంటావు? నాలుగైంది. తాళమియ్యి."

"మీ వారం వచ్చే శనివారం కదండీ."

డెల్మర్ పెట్టె చెయ్యి వదల్లేదు. "నాది ఆరో వారం. పోయినేడు సరిగ్గా ఈ రోజుల్లోనే వచ్చాం."

"పోయినేడు నిజమే. ఈ ఏడు అదనపు వారం పడింది. అందరివీ ఒక శనివారం జరిగాయి. మీ సెన్యోరాకి ఇవన్నీ తెలుసు. ఏటా ఫోన్ చేసి మరీ కనుక్కునేవారు. ఈసారి చెయ్యలేదేంటా అనుకున్నాను. ఆవిడ వెనకొస్తున్నారా?"

"లేదు," అన్నాడు డెల్మర్.

అక్కడ గది కొనుక్కోవడమంటే వారం కొనుక్కోవడం. గది ఒకటే, వారానికొక యజమాని. శనివారం పొద్దున ఒకళ్ళు పోతారు, సాయంత్రం ఇంకొకళ్ళు దిగుతారు. ఒకే మంచం మీద ఏడాదిలో యాభై జంటలు పడుకుంటాయి, ఒక జంట ముఖం ఇంకో జంట చూడదు. అయితే ఏడాదిని వారాలుగా కోస్తే చివర్న చిన్న ముక్క మిగిలిపోతుంది. ఆ ముక్కలు పోగుపడి ఐదారేళ్ళకోసారి ఒక వారమే పుట్టుకొస్తుంది, అధికమాసం వచ్చినట్టు. ఆ ఏడు అందరి వారాలూ జరుగుతాయి. ఈ లెక్కలు వెర్నా చూసుకునేది. డెల్మర్ గోధుమలు చూసుకునేవాడు.

"మా మూల గదిలో ఎవరున్నారు?"

"ఐదో వారం వాళ్ళు. ఇప్పుడే దిగారు. ఇంకెక్కడా ఖాళీ లేదు, సెన్యోర్. టిక్కెట్టు మార్చుకోండి. ఇంకో వారం ఉండి, మీ గదిలో ఉండి వెళ్ళండి."

"మార్చను. శనివారం వెళ్ళిపోతాను."

"అంటే మీ వారం మొదలయ్యే రోజే మీరు పోతారా?"

"విమానాలు నీ కేలండరు చూసి ఎగరవు."

మారిక్రూస్ తాళాల గుత్తి అందుకుంది. వెనక, బట్టలుతికే చోటు పక్కన, ఒకప్పుడు కాపలాదారు పడుకునే గది తీయించింది. ఇనప మంచం, గోడకి ఒక మేకు, నీళ్ళ పంపు రొద. కిటికీ తీస్తే తీగల మీద ఆరేసిన దుప్పట్లు. సముద్రం వినపడదు, కనపడదు. డెల్మర్ మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. నవ్వేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడాల్సిన పని కూడా లేదు. వెర్నా ఉంటే రెండు రోజులపాటు నవ్వేది.

రాత్రి భోజనానికి రేవు దగ్గర ప్లాస్టిక్ బల్లల హోటలుకి వెళ్ళాడు. పక్క బల్ల దగ్గర ఒక పెద్ద కుటుంబం, తాతల నుంచి చంకబిడ్డల దాకా, కాల్చిన చేప చుట్టూ చేరింది. వాళ్ళలో ఒకావిడ వచ్చి, అతని ఎదురుగా ఉన్న కుర్చీ మీద చెయ్యి వేసి, ఎవరైనా వస్తారా అని సైగ చేసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆ కుర్చీ తీసుకుపోయింది.

*

ఆదివారం పొద్దున ఇసకలోకి నడిచాడు. గొడుగులు అవే, కొంగలకంటే పొడుగు ముక్కులేసుకుని పడవల మీద కూర్చునే పక్షులవే. మనుషులే వేరు. ఆరో వారంలో ఆ చివరి గొడుగు కింద మిన్నెసోటా నుంచి వచ్చే క్లేటన్, అతని భార్య ఆర్డిత్ ఉంటారు. క్లేటన్ పేకముక్కలు కలుపుతూ, "రావయ్యా రైతూ, నీ డబ్బు వదిలించుకుందువు గాని," అంటాడు. ఇప్పుడక్కడ ఎవరో ఎర్రగా కాలిన మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. సొంతింట్లోకి అడుగుపెడితే ఎవరో కాపురం చేస్తున్నట్టుంది.

క్లేటన్‌కీ ఆర్డిత్‌కీ ఇంకా తెలియదు. ఆ సంగతి నోటితో చెప్పాల్సి వస్తుందని డెల్మర్ దారంతా భయపడుతూనే వచ్చాడు. వారం తప్పి రావడంతో ఆ బెడద తప్పింది. అతనికి దక్కిన లాభం అదొక్కటే.

తల ఎత్తి మూల గది బాల్కనీ వంక చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. అతని బల్ల దగ్గర, అతని కుర్చీల్లో, ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని రొట్టె తింటున్నారు. ఆడమనిషి చెంచాతో సీసాలోంచి ఏదో తీసి రొట్టెకి రాస్తోంది. సీసా మూత పక్కన పెట్టి ఉంది. మూతకి ఎరుపూ నలుపూ గళ్ళ గుడ్డ కట్టి ఉంది.

అది అతని చొక్కా.

మోచేతులు చిరిగిపోతే వెర్నా ఆ చొక్కాని గుండ్రంగా ముక్కలు కోసి జామ్ సీసాల మూతలకి కట్టింది. కోస్తున్నప్పుడు, "ఇంకో రెండేళ్ళు తొడుక్కునేవాణ్ణి," అని అతను గొణిగాడు కూడా. ఏటా వేసవిలో కాలవగట్టు పొదల్లో ఊదారంగు చిన్న పళ్ళు కోసుకొచ్చి ఆమె జామ్ కాచేది. నేలమాళిగ అరల నిండా సీసాలే. అతనికి తీపి పడదు. "మరీ తీపి," అనేవాడు ప్రతి ఏడూ. ఆమె ప్రతి ఏడూ అంతే చక్కెర పోసేది.

పోయిన వేసవి పళ్ళు పొదల మీదే ఎండిపోయాయి. వెర్నా ఆసుపత్రిలో ఉంది. ఆగస్టులో పోయింది. ఖననమైన మర్నాడు ఆమె చెల్లెలు ఓల్గా నేలమాళిగలోకి దిగి, మిగిలిన సీసాలన్నీ అట్టపెట్టెల్లో సర్దుకుంది. "నువ్వెటూ తీపి తినవు కదా, బావా," అంది. అతను ఆ పెట్టెలు తన చేతులతోనే ఆమె కారులో పెట్టాడు. నెల తిరిగాక ఒక పొద్దున రొట్టె కాల్చుకుని నేలమాళిగలోకి దిగితే, ఖాళీ సీసాలు తప్ప ఏమీ లేవు. ఓల్గాకి ఫోన్ చేస్తే, చర్చి సంతలో అమ్మేశామంది. మంచి ధర వచ్చిందంది. ఆ తర్వాత అతను ఓల్గాతో మాట్లాడలేదు. ఇకముందూ మాట్లాడడు.

ఈ లోకంలో వెర్నా చేతి సీసా ఇక లేదనుకున్నాడు. ఉంది. అతని బాల్కనీలో, అతని కళ్ళముందే, ముక్కూమొహం తెలియని వాళ్ళు చెంచాలతో తోడుకుంటున్నారు.

*

యులాలియా బట్టలు పిండుతోంది. మూల గది ఊడ్చి తుడిచేది ఆమే, మొదటి నుంచీ.

"ఆ జామ్ వాళ్ళకెక్కడిది?" అని అడిగాడు డెల్మర్.

"ఏ జామ్? ఓ. దోన్యా వెర్నా ఇచ్చింది కదా."

"ఎప్పుడు?"

"పోయినేడు వెళ్ళిపోయేటప్పుడు. ఏటా ఇస్తుంది. నేను మా ఇంట్లో దాచి, ఐదో వారం శనివారం ఫ్రిజ్‌లో పెడతాను. ఆ అమ్మ తింటుంది. మళ్ళీ ఆ అమ్మ పోయేటప్పుడు సీసా కడిగి, నిండా అక్రోట్లు పోసి మీకోసం పెట్టిపోతుంది. మీకు తెలీదా? అక్రోట్ల రొట్టె తిన్నారు కదా, దోన్ డెల్మర్. నేను చూశాను. రెండేసి ముక్కలు తిన్నారు."

తిన్నాడు. అక్రోట్లు వెర్నా సంతలో కొందనుకున్నాడు. గదిలో దిగగానే ఫ్రిజ్‌లో సగం నూనె సీసా, నాలుగు నిమ్మకాయలు, కాఫీ పొడి ఉండేవి. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకి వదిలిపెట్టడం అక్కడి ఆనవాయితీ. "ఎవడి ఎంగిలో," అని అతను ముఖం చిట్లించేవాడు. వెర్నా మాట్లాడకుండా ఆ నూనెలోనే గుడ్డు వేయించిపెట్టేది.

"ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారా?"

"ఎలా చూస్తారు? ఈమె పోతేనే ఆమె వస్తుంది."

"నన్నడక్కుండా నా ఇంటి సీసాలు ఊరందరికీ పంచింది."

"జామ్ చేసింది మీరా, దోన్ డెల్మర్?" యులాలియా దుప్పటి రెండో కొస అతని చేతికందించింది. అతను పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మెలిపెట్టి పిండారు. "ఇంతకీ ఆవిడెప్పుడొస్తుంది? వచ్చే శనివారమా?"

"పోయింది. ఆగస్టులో."

యులాలియా దుప్పటి వదలకుండా రెండో చేత్తో శిలువ గీసుకుంది. తర్వాత బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. మాట్లాడినప్పుడు గొంతులో కోపం ఉంది.

"నాకెందుకు చెప్పలేదు? నవంబరులో, చచ్చిపోయినవాళ్ళు ఇంటికొచ్చే రాత్రి, అందరికీ దీపాలు పెట్టాను. మా అత్తకి కూడా పెట్టాను, నన్ను కొట్టిన అత్తకి. ఆమెకి పెట్టలేదు. దారి తెలీక ఎక్కడ తిరిగిందో."

"నీ అడ్రసు నాకేం తెలుసు?"

"ఆమెకి తెలుసు."

డెల్మర్ దుప్పటి తీగ మీద వేశాడు. తర్వాత, ఎటో చూస్తూ, "రేపు గది ఊడ్చేటప్పుడు ఆ సీసా ఇటు పట్రా," అన్నాడు.

"తేను."

"వాళ్ళకి ఇంకోటి కొనిపెడతాను. రెండు కొనిపెడతాను."

"ఆమె వాళ్ళకిచ్చింది. చచ్చిపోయినవాళ్ళు ఇచ్చింది నేను దొంగిలించాలా? కావాలంటే మీరే వెళ్ళి అడగండి. పెళ్ళాం చేసిన జామ్, ఒక చెంచా పెట్టండి అనడానికి నోరు లేదా?"

నోరుంది. కానీ అడిగితే ఆమె ఏదని అడుగుతారు. చెబితే మొహాలు వేలాడేస్తారు. ఊళ్ళో అది చాలానే చూశాడు. ఆడవాళ్ళు వండిన గిన్నెలు తెచ్చి, గడపలో నిలబడి, తల ఒక పక్కకి వంచి, "ఎలా ఉన్నావు, డెల్మర్?" అనేవాళ్ళు. నాలుగు వారాలు తెచ్చారు. తర్వాత ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకుపోయారు. ఆ జాలికంటే పంపు రొద నయం.

"చివరి రోజుకి ఏమన్నా మిగిలితే వాళ్ళే వదిలిపోతారు," అంది యులాలియా, లేస్తూ. "మిగిలితే."

*

అప్పటి నుంచి అతని వారమంతా ఆ సీసాయే. పొద్దున్నే వెళ్ళి, బాల్కనీ కనిపించే చోట ఇసకలో కుర్చీ వేసుకునేవాడు. జనం సముద్రం వైపు తిరిగి కూర్చుంటే, అతనొక్కడూ సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. టోపీ అంచు కింద నుంచి చూసేవాడు. సోమవారానికి ఊదారంగు సీసా మెడ నుంచి భుజం దాకా దిగింది. ఆడమనిషి పొదుపరి, రొట్టెకి పలచగా రాస్తుంది. పర్వాలేదనుకున్నాడు. ఈ లెక్కన మిగులుతుంది.

మంగళవారం ఆడమనిషి ఈతకి దిగింది. ఆమె నీళ్ళలో ఉండగా మొగుడు బాల్కనీలోకి వచ్చి, సీసా మూత తీసి, నిలబడే చెంచాతో తిన్నాడు. ఒక చెంచా కాదు. డెల్మర్ కుర్చీలోంచి సగం లేచాడు. అరవడానికి ఏమీ దొరకలేదు. మళ్ళీ కూర్చున్నాడు.

ఆ మొగుడే మధ్యాహ్నం చేతిలో బీరు పట్టుకుని వచ్చి, పక్కనే ఇసకలో చతికిలబడ్డాడు. పొట్టి మనిషి, మెడే లేదు.

"ఏమయ్యా, రోజూ చూస్తున్నా. సముద్రం అటుంటే నువ్వు ఇటు చూస్తావేంటి?"

"కళ్ళకి ఎండ."

"నా పేరు అర్లో. అయోవాలో పందులు పెంచేవాణ్ణి. ఇప్పుడు కొడుకు పెంచుతున్నాడు, నన్ను కూడా కలిపి. నువ్వు?"

"గోధుమలు. కెనడా."

"గోధుమలంటే సులువు. రాత్రిపూట తప్పించుకుని పారిపోవు." అర్లో తన మాటకి తనే నవ్వాడు. "ఎక్కడ దిగావు?"

"వెనక."

"పంపు పక్కనా? నిన్ను ఎవరు శపించారయ్యా? పొద్దున మా దగ్గరికి రా. రెండో అంతస్తు, మూల గది. కాఫీ తాగుదువు గాని. మా తర్వాత వారంలో వచ్చే ఆవిడెవరో మాకోసం జామ్ వదిలిపెడుతుంది. మా లవోన్ రోజుకి ఒక్క చెంచాయే ఇస్తుంది. తిండి దగ్గర ఆమె పోలీసు."

"నువ్వు దొంగ," అన్నాడు డెల్మర్.

అర్లో మురిసిపోయాడు. "చూశావా? ఆమెకి చెప్పకు."

"అంత తీపి తింటే పళ్ళు ఊడతాయి."

"ఊడి పదేళ్ళయింది. ఇవి కొన్నవి." అర్లో పళ్ళు టకటకలాడించాడు. "రేపు రా."

డెల్మర్ వెళ్ళలేదు. బుధవారం కూడా పిలిచాడు, వెళ్ళలేదు. బుధవారం మధ్యాహ్నం లవోన్ మళ్ళీ ఈతకి దిగింది, అర్లో మళ్ళీ బాల్కనీలోకి వచ్చాడు. ఈసారి కిందున్న డెల్మర్‌ని చూసి చెంచా ఎత్తి సలాం కూడా కొట్టాడు.

రాత్రిళ్ళు పంపు ఆగి ఆగి తిరిగేది. ఆగినప్పుడు తీగ మీద దుప్పట్ల చప్పుడు వినపడేది. మంచం ఒక్కరికే సరిపోతుంది, అయినా అతను ఒక అంచునే పడుకునేవాడు. వెర్నా పోయాక ఆర్నెల్లుగా ఇంట్లోనూ అంతే. ఆ మంచంలో ఆమె పక్క ఇప్పటికీ నలగలేదు.

గురువారం పొద్దున లవోన్ సీసా ఒరగబెట్టి, పొడుగు చెంచా లోపలికి పోనిచ్చి, గోడలు గీకింది. ఆ గీకుడు చప్పుడు కింద ఇసకలోకి వినపడదు. డెల్మర్‌కి వినపడింది.

*

శుక్రవారం అతను గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మెట్లెక్కాడు. తన తలుపు తనే తట్టాడు.

"వచ్చావా," అన్నాడు అర్లో తలుపు తీస్తూ. "లవోన్, పంపు పక్కాయన."

"కూర్చోండి," అంది లవోన్. పొడుగు మనిషి, జుట్టు ఇంకా తడిగా ఉంది. "ఆ కుర్చీ వద్దు, దాని కాలు కదులుతుంది."

డెల్మర్ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. "ఎడమ పక్కకి ఒరిగితే కదలదు."

లవోన్ అతని వంక ఒక క్షణం ఎక్కువగా చూసింది. కాఫీ పోసింది. బల్ల మీద రొట్టెలు, గుడ్లు, బొప్పాయి ముక్కలు. సీసా మధ్యలో ఉంది. అడుగున, ఒక పక్కకి చేరి, ఒక్క చెంచాడు మిగిలింది. గళ్ళ గుడ్డ మూత పక్కనే ఉంది. గుడ్డ అంచున వెర్నా వేసిన తెల్లదారం కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కళ్ళు తగ్గాక ఆమె కుట్లు అలాగే పడేవి.

"ఇది మీరు రుచి చూడాలి," అంది లవోన్. సీసా ఒరగబెట్టి, ఉన్నదంతా తీసి అతని రొట్టెకి రాసింది. అర్లో కసాయి కొట్టు ముందు కుక్కలా ఆ రొట్టెనే చూస్తున్నాడు. "మా తర్వాత వారం వచ్చే ఆవిడ చేసింది. పద్దెనిమిదేళ్ళుగా తింటున్నాం. ఒక్కసారి కూడా చూడలేదు. పేరు వెర్నా అట, యులాలియా చెప్పింది. ఏం పళ్ళో మాకు తెలీదు. మా వైపు దొరకవు."

డెల్మర్ కొరికాడు. నమిలాడు. గింజలు పంటికింద చిట్లాయి. నిమ్మకాయ పిండింది, ఎప్పట్లాగే. చక్కెర పోసింది, ఎప్పట్లాగే. సముద్రం మీద ఎవరో మోటారు పడవ తిప్పుతున్నారు. అది మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అతను నములుతూనే ఉన్నాడు.

"తీపి ఎక్కువైందా?" అడిగింది లవోన్.

"ఎక్కువే. నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. వినదు."

అర్లో కప్పు సగం దాకా ఎత్తి ఆపాడు.

లవోన్ ముఖం విచ్చుకుంది. "మీరు ఆరో వారమా? మరి ఇన్ని రోజులూ చెప్పరేం? ఆవిడేది, రేపొస్తుందా? అర్లో, రేపు మధ్యాహ్నం దాకా ఉందాం. ఒక్కసారి ఆమెని..."

"రాదు," అన్నాడు డెల్మర్.

ఆ ఒక్క మాటా లవోన్ విన్నది. అతని వంక చూసింది, మూతకి కట్టిన గుడ్డ వంక చూసింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆగస్టులో," అన్నాడతను. "అయ్యో అనకండి."

"అనను. ఆ ముక్క తినేసి వెళ్ళండి."

అర్లో మొహం ఎర్రబడింది. "నేను... ఆ రోజు చెంచాతో... నాకు తెలిసుంటే..."

"తెలిసుంటే ఏం చేసేవాడివి? కక్కేవాడివా?"

డెల్మర్ రొట్టె పూర్తిగా తిన్నాడు. పళ్ళెంలో రాలిన పొడి వేలికి అద్దుకుని అదీ తిన్నాడు. కాఫీ తాగలేదు. లేచి, కుర్చీ బల్ల కిందికి నెట్టి, మెట్లు దిగాడు. వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని కింద మెట్టు దగ్గర కాసేపు ఆగాడు. పిలవలేదు. అతనే వద్దన్నాడు కదా.

*

శనివారం పొద్దున వాళ్ళ టాక్సీ వెళ్ళిపోయింది. డెల్మర్ తన గదిలోనే కూర్చుని ఆ చప్పుడు విన్నాడు. పెట్టె సర్దుకోవడం అయిపోయింది. బస్సుకి ఇంకా వేళ ఉంది. ఆరో వారం వాళ్ళు ఆ తర్వాతెప్పుడో దిగుతారు. ఈ మధ్యలో మూల గది ఎవరిదీ కాదు.

యులాలియా తలుపులోంచి తల పెట్టింది. "పైకి రండి. ఆ అమ్మకి ఏమైందో నాకు తెలీదు."

గదిలో పరుపు బోసిగా ఉంది. కిటికీలన్నీ తెరిచి, దుప్పట్లు కుప్ప పోసి ఉన్నాయి. యులాలియా ఫ్రిజ్ తీసి చూపించింది. సగం నూనె సీసా, నిమ్మకాయలు, కాఫీ పొడి. ప్లాస్టిక్ సంచిలో అక్రోట్లు. పక్కన జామ్ సీసా, మూత బిగించి.

"ప్రతి ఏడూ తళతళా కడిగి అక్రోట్లు పోసేది. ఈసారి సంచిలో పడేసింది, సీసా ఎంగిలిగా వదిలేసింది. అంత శుభ్రమైన మనిషి." యులాలియా సీసా తీసుకుని తొట్టి వైపు తిరిగింది. కుళాయి విప్పింది.

"ఆగు," అన్నాడు డెల్మర్.

సీసా వెలుగుకెత్తి చూశాడు. గోడల నిండా ఊదారంగు పొర, చెంచా గీతలు. భుజాల వంపులో, చెంచా అందని చోట, మూడు నాలుగు పళ్ళు అంటుకుని ఉన్నాయి. లవోన్ తలుచుకుంటే వాటిని తీసేదే. తీయలేదు.

అతను గిన్నెలో నీళ్ళు మరిగించి, అరలో దొరికిన ఒక టీ సంచి వేసి, ఆ టీ సీసాలో పోశాడు. మూత పెట్టి తిప్పాడు. వెర్నా ప్రతి సీసా ఇలాగే ముగించేది. వాళ్ళ అమ్మ అలాగే చేసేదట, ఆమె అమ్మా అలాగేనట. అతనికోసం మాత్రం వెర్నా ఒక కప్పులో వేరే టీ పెట్టేది, చక్కెర లేకుండా. డెల్మర్ బాల్కనీలోకి వెళ్ళి, కాలు కదిలే కుర్చీలో ఎడమకి ఒరిగి కూర్చుని, సీసాకి చేతిరుమాలు చుట్టి తాగాడు. కాస్త కాస్తగా తాగాడు. చివర్న పళ్ళు నోట్లోకి జారాయి. వాటిని చాలాసేపు నమల్లేదు. తర్వాత నమిలాడు.

అయిపోయింది.

అతనే సీసా కడిగాడు. పెళ్ళయ్యాక అతను కడిగిన మొదటి సీసా అదే. అంచు దగ్గర నురగ మిగిలితే యులాలియా ఏమీ అనలేదు.

"పట్టుకెళ్తారా?"

"దేనికి? ఇంట్లో నేలమాళిగ నిండా ఖాళీ సీసాలే."

"నవంబరుకి ఆమెది ఏదన్నా ఒకటి ఇవ్వండి మరి. ఫొటో అయినా సరే. లేకపోతే దీపం పెట్టినా తనకని ఎలా తెలుస్తుంది?"

డెల్మర్ సీసా ఆమె చేతిలో పెట్టాడు. మూత కూడా ఇచ్చాడు, గుడ్డతో సహా. "ఇది పెట్టుకో. ఆమెకి గుర్తుంటుంది."

"తర్వాత? మళ్ళీ శీతాకాలం ఆ అమ్మ వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టనా?"

"పెట్టు."

"ఖాళీగానా?"

ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని వెర్నా అనేది. పక్కింటామె గుడ్లు తెచ్చిన బుట్టలో నాలుగు క్యారెట్లయినా వేసి పంపేది. డెల్మర్ చుట్టూ చూశాడు. నూనె ఆ మనుషులదే. నిమ్మకాయలూ ఆ మనుషులవే. తనది అంటూ ఆ గదిలో ఏమీ లేదు.

"ఖాళీగానే," అన్నాడు.

యులాలియా సీసాని ఏప్రన్ జేబులో వేసుకుంది. "వచ్చే ఏడు సరైన శనివారం రండి, దోన్ డెల్మర్. మారిక్రూస్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. ఆమె కనుక్కునేది."

అతను అక్రోట్ల సంచి జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు.

బస్సులో అతని పక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద ఉన్ని చొక్కా పెట్టాడు. కొబ్బరిబొండాల కొట్ల దగ్గర మలుపులో ఎదురుగా తెల్ల వ్యాను వచ్చింది. రోడ్డు సన్నం. బస్సు ఆగి దారిచ్చింది. వ్యాను ముందు సీట్లో క్లేటన్ కూర్చున్నాడు, వెనక ఆర్డిత్ గడ్డి టోపీ. క్లేటన్ డ్రైవరుకి ఏదో చెబుతూ చేతులు ఊపుతున్నాడు. బహుశా పోయినేడు పేకలో ఎవరిని ఎలా ఓడించాడో చెబుతుండాలి.

కిటికీ దింపి పిలిస్తే వినపడేంత దూరమే. పిలిస్తే వ్యాను ఆగుతుంది. ఆర్డిత్ దిగి, తల ఒక పక్కకి వంచి, వెర్నా ఏదంటుంది.

డెల్మర్ టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. సాయంత్రం వాళ్ళు మూల గది తలుపు కొడతారు. యులాలియా చెబుతుంది. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

వ్యాను దాటిపోయింది. బస్సు కదిలింది. అతను జేబులోంచి ఒక అక్రోటు పలుకు తీసి నోట్లో వేసుకున్నాడు. కాస్త చేదుంది. రొట్టెలో వేసి కాలిస్తే ఆ చేదు తెలిసేది కాదు.